కప్పు ఇచ్చాం, మోచెయ్యి తీసుకున్నాం

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నా. వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కల్లో చెబితే చేతులు జోడించిన బొమ్మలు పెట్టి వదిలేశారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆదివారం కార్యవర్గం మీటింగులో వేసవి శిబిరం ఖర్చు పాస్ చేస్తారు. ఆ లోపల అందరూ ఒకసారి చదవండి.

నేను అడుగుతున్నది ఒక్కటే. మన పిల్లల చేత బంతి విసిరిస్తున్నాం గానీ, విసరడం నేర్పడం లేదు. నేర్పకుండానే పోటీ పెడుతున్నాం, గెలిచినవాడికి కప్పు ఇస్తున్నాం. ఈ ఏడాది నుంచి పిల్లలకు ‘లాంగ్ త్రో’ పోటీ ఉండకూడదు. శిబిరంలో మొదటి వారం విసరడం నేర్పడానికే పోవాలి.

పోయిన మీటింగులో ఈ మాట ఎత్తితే ఒక పెద్దాయన, నాకు బాబాయి వరసే, నవ్వుతూ అన్నారు: “ఏంది బిడ్డా, బాల్ ఇసురుడు గూడ నేర్పాల్నా? మేం రాళ్లు ఇసిరి చింతకాయలు రాల్చలేదా?” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆయన మాట తీరు అలాంటిది. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మా అన్న కొడుకు మీలో చాలామందికి తెలుసు. 12 ఏళ్లు, ఏడో తరగతి. పోయిన వేసవిలో మన శిబిరంలోనే బేస్‌బాల్ పట్టాడు. జూన్ నుంచి స్కూలు జట్టు. డిసెంబర్‌లో రోజూ సాయంత్రం ఇంటి వెనక ఖాళీ జాగాలో లాంగ్ త్రో ప్రాక్టీసు, ఎందుకంటే జనవరి 26న మన సంఘం ఆటల పోటీలు. 52 మీటర్లు విసిరాడు. మొదటి బహుమతి. చప్పట్లు కొట్టినవాళ్లలో నేను ముందున్నా, ఫోటో కూడా ఇక్కడే పెట్టా, మీరంతా లైకులు కొట్టారు.

ఫిబ్రవరిలో ఒక రోజు వాడు ఎడంచేత్తో అన్నం తింటున్నాడని మా అమ్మ తిట్టింది. వాడు మాట్లాడకుండా చెయ్యి మార్చాడు. ముద్ద నోటిదాకా ఎత్తడానికి మోచెయ్యి పూర్తిగా మడత పడటం లేదని మా వదిన కనిపెట్టింది. అడిగితే, నొప్పి దీపావళి నుంచే ఉందట. చెబితే జట్టులోంచి తీసేస్తారని చెప్పలేదట.

ఎముకల డాక్టర్ రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించి పక్కపక్కన పెట్టి చూపించాడు. పెరిగే పిల్లల ఎముక చివర్లో ఇంకా గట్టిపడని పొర ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. మోచేతి లోపలివైపు పొర ముదరడానికి సుమారు 14 నుంచి 16 ఏళ్లు పడుతుంది. అందాకా అక్కడ కండరాలకంటే, లిగమెంట్‌కంటే ఆ పొరే బలహీనం. పెద్దవాడు తప్పుగా పదేపదే విసిరితే లిగమెంట్ చెడుతుంది. పిల్లవాడికి అంతకుముందే ఎముక అంచు లాగినట్టై, సందు పెరిగి, ముదిరితే ఊడివస్తుంది. మావాడి ఎడమ మోచేతిలో సన్నటి గీత, కుడి మోచేతిలో వెడల్పాటి సందు. వైద్యం తెలియని నాకే తేడా కనిపించింది. అమెరికాలో ఇది ఎంత మామూలంటే పిల్లల బేస్‌బాల్ లీగు పేరు మీదే ‘లిటిల్ లీగ్ ఎల్బో’ అని పేరుపడింది. భుజానికి వస్తే ‘లిటిల్ లీగ్ షోల్డర్’.

ఇప్పుడు వాడు బంతి ముట్టుకోకూడదు. నొప్పి పూర్తిగా పోయాక, మళ్లీ ఎక్స్‌రే చూశాక, దగ్గర దగ్గర దూరాలతో మొదలుపెట్టాలి. ముదరకముందే చూశాం కాబట్టి బాగవుతుందని డాక్టర్ అన్నాడు. అదృష్టం. శిబిరంలో ఉన్న మిగతా పిల్లల్లో ఎంతమంది ఎడంచేత్తో తింటున్నారో నాకు తెలియదు. మీరు మీ ఇంట్లో అడగండి.

“పిల్లలన్నాక దెబ్బలు తగులుతాయి” అన్నది గ్రూపులో వచ్చిన ఇంకో జవాబు. ఇది దెబ్బ కాదు. కింద పడితే తగిలేది దెబ్బ. ఇది అరుగుడు. ఈ తేడా మన ఇళ్లల్లో ఒకరు చెప్పాలా? మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. రోజుకు వెయ్యి. ఒక్క బీడీ చుడితే ఏ మణికట్టూ నొయ్యదు. ముప్పై ఏళ్ల తర్వాత మా అమ్మ ఇప్పుడు పాలగిన్నె ఒంటిచేత్తో ఎత్తలేదు. మన వాడల్లో ఇంటికొకరు అలాంటివాళ్లు ఉన్నారు. మనకు తెలిసిన విషయమే, చేతిలో ఆకు బదులు బంతి ఉండేసరికి మరిచిపోయాం.

ఇక చింతకాయల సంగతి. బాబాయ్, మీరు రాళ్లు విసిరారు, ఒప్పుకుంటా. రోజుకు పది, పదిహేను. కాయ రాలితే ఆపేశారు. విజిల్ ఊదితే వరసలో నిలబడి, బలమంతా పెట్టి, గంటన్నర విసరలేదు. మరుసటి రోజు పొద్దున ఆరున్నరకు మళ్లీ వెళ్లలేదు. విసరడం పుట్టుకతోనే వస్తుందంటే, ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు మైక్ యంగ్ అనే అమెరికన్ బేస్‌బాల్ కోచ్‌ను ఫీల్డింగ్ నేర్పడానికి ఎందుకు పెట్టుకుంది? వాళ్ల పిల్లలకు రాళ్లు దొరకలేదా?

మన తాతల పని తీసుకోండి. మా తాత గుంటమగ్గం మీద పక్కన కూర్చోబెట్టుకుని నాకు చూపించాడు. ముందు కాలు తొక్కుతుంది, పడుగు రెండుగా విడుతుంది, అప్పుడు చెయ్యి కదులుతుంది, నాడె ఆ సందులోంచి పోతుంది. కాలు తొక్కకముందే నాడె వదిలితే పోగులు తెగుతాయి. చేతిలో బలం ఎంతున్నా తెగుతాయి, బలం ఎక్కువుంటే ఎక్కువ తెగుతాయి. ఎవరినీ మొదటి రోజే మగ్గం మీద కూర్చోబెట్టి “ఎవడు గట్టిగా నాడె విసురుతాడో చూద్దాం, కప్పు ఇస్తాం” అనలేదు. కండెలు చుట్టించారు, అతుకులు వేయించారు, నెలలు గడిచాక మగ్గం ఎక్కించారు. షోలాపూర్ చద్దరు ఊరికే పేరు తెచ్చుకోలేదు.

బంతి కూడా అంతే. విసురు చేతిలో పుట్టదు, కాలిలో పుడుతుంది. కుడిచేతి పిల్లవాడనుకోండి. ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడకూడదు. పక్కకు తిరగాలి, ఎడమ భుజం ఎవరికి వేస్తున్నాడో వాళ్లవైపు ఉండాలి. బరువు వెనక కుడికాలి మీద. ఎడమకాలు నేరుగా వాళ్లవైపు అడుగెయ్యాలి. ఆ పాదం నేలకు ఆనాక నడుము తిరగాలి, నడుము వెనకే ఛాతీ, ఛాతీ వెనక భుజం, ఆ తర్వాత మోచెయ్యి, చివరికి మణికట్టు, వేళ్లు. బంతి వదిలే వేళకు మోచెయ్యి భుజం ఎత్తు నుంచి కిందికి జారకూడదు. వదిలాక చెయ్యి గాల్లో ఆగిపోకూడదు, ఎదుటి తొడదాకా దిగాలి, వెనకకాలు ముందుకు రావాలి. బండికి ఒక్కసారి బ్రేకు వేస్తే ఏమవుతుందో, చెయ్యి మధ్యలో ఆపితే భుజానికి అదే అవుతుంది.

పోయిన ఏడాది శిబిరంలో నేను రెండు పొద్దుటిపూటలు గోడ మీద కూర్చుని చూశాను. సగం మంది చిన్నపిల్లలు కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేస్తున్నారు, అంటే నడుము తిరగడానికి దారే లేదు, పనంతా చెయ్యే చెయ్యాలి. ఇంకొందరు ముందే ఛాతీ తిప్పేసి చేతిని వెనక వదిలేస్తున్నారు. మావాడు ఈ జాబితాలోవాడే. ఒంటి బలం ముందుకు పోయి, బంతి పట్టుకున్న చెయ్యి వెనకబడితే మధ్యలో సాగేది మోచేతి లోపలివైపు. బంతి దూరమే పోతుంది, చూసేవాళ్లు చప్పట్లే కొడతారు. మోచేతికి చప్పట్లు వినపడవు.

పట్టు సంగతి ఇంకా అన్యాయం. బంతి అరచేతిలో కుక్కి పట్టుకోకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు కుట్టు మీద అడ్డంగా, బొటనవేలు కింద, అరచేతికీ బంతికీ మధ్య కొంచెం సందు. చిన్న చేతులైతే మూడు వేళ్లు పెట్టుకోవచ్చు. సరే, మన శిబిరంలో ఆడపిల్లల చేతికి ఏం ఇచ్చాం? 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న పెద్ద సాఫ్ట్‌బాల్, బరువు 180 గ్రాముల పైమాటే. తొమ్మిదేళ్ల పిల్ల చేతికి అది పట్టదు. అరచేతిలో కొబ్బరికాయలా పెట్టుకుని భుజంతో తోస్తుంది, గుండు విసిరినట్టు. ఆ పిల్ల తప్పు ఏముంది? చిన్నపిల్లలకు 11 అంగుళాల బంతి వేరే ఉంది. అదీ దొరక్కపోతే టెన్నిస్ బంతి ఉంది కదా, కూరగాయల సంచిలో పట్టేన్ని వస్తాయి ఒక్క షీల్డు ధరకు.

మొదటి వారం ఎలా ఉండాలంటే, ఇద్దరిద్దరు జతలుగా, ఇరవై అడుగుల దూరంలో, మెత్తటి బంతితో. మొదట ఒక మోకాలి మీద కూర్చుని చెయ్యి, ఛాతీ కదలిక ఒక్కటే. తర్వాత నిలబడి, పక్కకు తిరిగి, అడుగేసి. ఎదుటివాడి ఛాతీకి పదిలో ఎనిమిది తగిలితేనే రెండడుగులు వెనక్కి. ఎవరికి తగలడం లేదో వాళ్లు అక్కడే ఉంటారు, అందులో అవమానం లేదు. చూడ్డానికి ఇది బోరు. ఫేస్‌బుక్‌లో పెట్టడానికి వీడియో రాదు. అసలు గొడవ అదేనని నా అనుమానం.

ఇప్పుడు లాంగ్ త్రో. నేను యూనివర్సిటీ జట్టులో మూడో బేస్ ఆడాను, కొన్నాళ్లు క్యాచర్‌గా కూడా. సాఫ్ట్‌బాల్‌లో మూడో బేస్ నుంచి మొదటి బేస్‌కు దాదాపు 26 మీటర్లు. బేస్‌బాల్ పెద్ద మైదానంలో అదే 39 మీటర్ల లోపు. దూరంగా ఔట్‌ఫీల్డ్‌లో బంతి దొరికినవాడు ఆకాశంలోకి ఎత్తి విసరడు, మధ్యలో నిలబడ్డ తనవాడికి తక్కువ ఎత్తులో, నేరుగా వేస్తాడు, అతను తిప్పి వేస్తాడు. ఆటకు కావలసింది సూటి, వేగంగా వదలడం. 52 మీటర్లు ఎత్తి విసరాలంటే పిల్లవాడు వెనక్కి వాలతాడు, మోచెయ్యి జారుతుంది, శక్తి చాలక చేతిని ఝాడిస్తాడు. అంటే మనం కప్పు పెట్టి మరీ నేర్పుతున్నది ఆటలో అక్కరకు రాని విసురు, పైగా చేతిని చెడగొట్టేది. టేపు పట్టుకుని కొలవడం సులభం కాబట్టి ఆ పోటీ పెట్టాం, అంతకుమించి కారణం నాకు కనపడలేదు. పోటీ కావాలంటే గోడ మీద సున్నంతో చతురస్రం గీసి, పది బంతుల్లో ఎన్ని అందులో పడ్డాయో లెక్కపెట్టండి. చిన్న చేతులవాళ్లు కూడా గెలుస్తారు.

లెక్క అన్నాను కాబట్టి. అమెరికాలో లిటిల్ లీగ్ 2007లో పిచర్ రోజుకు ఎన్ని బంతులు వెయ్యొచ్చో పరిమితి పెట్టింది. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ‘పిచ్ స్మార్ట్’ పేరుతో వయసువారీగా పట్టిక ఇచ్చాయి. 9, 10 ఏళ్లవాళ్లకు రోజుకు 75, 11, 12 ఏళ్లవాళ్లకు 85. ఒక రోజు 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. అంతకుముందు 9 నుంచి 14 ఏళ్ల పిచర్లను 481 మందిని పదేళ్లు గమనించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదికి 100 ఇన్నింగ్స్ మించి వేసినవాళ్లకు తీవ్రమైన గాయం అయ్యే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ అని తేలింది. ఆ పరిమితులు పిచర్లవి, ఫీల్డింగ్ త్రోకు అచ్చంగా అవే వర్తించవు, నాకు తెలుసు. కానీ నేను గోడ మీద కూర్చున్న రోజు పదకొండేళ్ల ఒక పిల్లవాడివి గంటన్నరలో 140 త్రోలు లెక్కపెట్టా, సగానికి పైగా బలమంతా పెట్టి. మరుసటి రోజు వాడే వచ్చాడు, అదే వరస. ఆ దేశంలో ఆట పుట్టి వందేళ్లు దాటాక, ఎంతో మంది పిల్లల చేతులు పోయాక, వాళ్లు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. మనం వాళ్ల ఆట తెచ్చుకుని లెక్క మాత్రం అక్కడే వదిలేశాం.

“మిలియన్ డాలర్ ఆర్మ్ సినిమా చూడలేదా, మనవాళ్లు చేతి బలంతోనే అమెరికా వెళ్లారు” అని ఒక తమ్ముడు కామెంటు పెట్టాడు. చూశాను తమ్ముడూ. రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరినవాళ్లు, అంటే ఏళ్ల తరబడి విసరడం నేర్చుకున్నవాళ్లు. పెద్ద పిల్లలు, పన్నెండేళ్లవాళ్లు కాదు. 2008లో పోటీ గెలిచాక కూడా నేరుగా మైదానంలోకి దింపలేదు, అమెరికాలో టామ్ హౌస్ దగ్గర నెలల తరబడి మొదటి నుంచి నేర్పాకే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం రాసుకుంది. దినేశ్ రెండేళ్లకే తిరిగొచ్చేశాడు. రింకూ కొన్నాళ్లు బాగానే ఆడి, తర్వాత గాయాలతో దూరమై, ఇప్పుడు వీర్ మహాన్ పేరుతో కుస్తీ చేసినవాడిగానే మన పిల్లలకు తెలుసు. సినిమా అక్కడిదాకా చూపించలేదు.

తల్లిదండ్రుల మాట కూడా అనాలి, కోపం తెచ్చుకోకండి. పది, పన్నెండు తరగతుల్లో క్రీడా మార్కులు వస్తాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 5 శాతం క్రీడా రిజర్వేషన్ ఉంది. క్రికెట్‌లో జిల్లా జట్టుకు పోవాలంటే వేలమంది పోటీ, బేస్‌బాల్‌లో, సాఫ్ట్‌బాల్‌లో అయితే మన పిల్లలకు అవకాశం ఉంది. మరమగ్గాల కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడే తండ్రికి ఆ సర్టిఫికెట్టు విలువ నేను చెప్పక్కర్లేదు, నాకు ఉద్యోగం వచ్చిందీ ఆ దారిలోనే. అందుకే చెబుతున్నా. పన్నెండేళ్లకు మోచెయ్యి పోతే పదహారేళ్లకు ఏ సర్టిఫికెట్టూ రాదు. గీత అవతల నిలబడి “ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా” అని అరవకండి. ఆ అరుపులకే మావాడు నాలుగు నెలలు నొప్పి దాచుకున్నాడు, అందులో నా గొంతూ ఉంది.

శిబిరంలో నేర్పిన సర్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్క మనిషి, అరవైమంది పిల్లలు, ఇరవై రోజులు, చేతిలో పెట్టింది ఆటో ఖర్చుకు సరిపోయే డబ్బు. చివరి రోజు అతిథుల ముందు మ్యాచ్ ఆడించాలని అడిగింది మనమే. మొదటి రోజు నుంచే మ్యాచ్ ఆడించాడు, ఇంకేం చేస్తాడు? పోయిన ఏడాది ఖర్చు కాగితం నా దగ్గర ఉంది. శాలువాలు, పూలదండలు, షీల్డులు, మండపం, ఫోటోలు కలిపి వచ్చిన మొత్తం, కోచింగు మీద పెట్టినదానికి మూడు రెట్లు. కావాలంటే కోశాధికారి అన్నను అడగండి, ఆయనే రాసింది.

నా భుజం సంగతి ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. క్యాచర్‌గా ఆడినప్పుడు కూర్చున్నచోటు నుంచే చేతితో ఝాడించి రెండో బేస్‌కు వేసేదాన్ని. లేచి, కాలు వెయ్యి అని ఒక్కరూ చెప్పలేదు, “భలే చెయ్యి” అని మెచ్చుకున్నారు. ఇప్పుడు నలభై రెండేళ్లు. జడ వేసుకోవడానికి మా అమ్మాయిని పిలుస్తా, అల్మారా పైఅర మా ఆయన తీస్తాడు. మీరంతా నన్ను ‘ఆటలమ్మ’ అని ముద్దుగా పిలుస్తారు కదా, ఆటలమ్మ చెయ్యి ఇలా ఉంది.

ఆదివారం నేను అడగబోయేది దాచుకునేది ఏమీ లేదు. లాంగ్ త్రో తీసెయ్యండి. శాలువాల డబ్బులో సగం ఇంకో ఇద్దరు కోచ్‌లకు ఇవ్వండి, మన కాలేజీ జట్ల అమ్మాయిలు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు, నేను మాట్లాడాను. చిన్నపిల్లలకు చిన్న బంతులు కొనండి. ప్రతి పిల్లవాడి పేరు మీద ఒక నోటుబుక్కు, ఆ రోజు ఎన్ని విసిరాడు, నొప్పి ఉందా లేదా అన్నది రాయాలి, రాసే పని నాది. నొప్పి అన్నవాడిని జట్టులోంచి తియ్యమని, స్కోరు రాసే పనికి పెట్టి మళ్లీ తీసుకుంటామని మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి. రెండు రోజులు విసిరితే ఒక రోజు పరుగు, క్యాచ్‌లు, బ్యాటింగ్.

ఇవి కుదరవంటే ఈసారి శిబిరమే వద్దు, నేను మీటింగులో వ్యతిరేకంగా చెయ్యెత్తుతా. ఎడమ చెయ్యి.

మావాడి కప్పు కూడా తెస్తున్నా. వాడే తీసుకెళ్లమన్నాడు. సంఘం ఆఫీసు అల్మారాలో పెట్టుకోండి, కింది అరలో పెట్టండి, పైఅర నాకు అందదు.